క్లోమం క్యాన్సర్: ఫాపీ పెట్ స్కాన్, ఆపరేషన్‌లో మెరిసే రంగుమందు – హైదరాబాద్‌లో మనకు ఎంతవరకు పనికొస్తాయి?

సిద్దిపేట_బిడ్డ
సోమవారం, రాత్రి 9:52

అందరికీ నమస్తే. నేనుండేది మియాపూర్‌లో. బాపుకి 63 ఏళ్లు, సిద్దిపేట నుంచి తీసుకొచ్చి ఇక్కడే చూపిస్తున్నాం. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. క్లోమంలో రాళ్లున్నాయని అంతకుముందు నుంచే మందులు వాడేవారు. అప్పుడప్పుడు కడుపునొప్పి వచ్చిపోయేది. ఈసారి నొప్పి లేదు. కళ్లు పచ్చబడ్డాయి, రాత్రంతా గోక్కుంటూ కూర్చునేంత దురద, ప్యాంటు నడుం దగ్గర జారిపోయేంత బరువు తగ్గారు.

సీటీలో క్లోమం తలభాగంలో 2.8 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. పక్కనున్న పెద్ద సిరను తాకుతోందట, రిపోర్టులో 'బార్డర్‌లైన్ రిసెక్టబుల్' (ఆపరేషన్‌తో తీయగలరా లేదా అన్న అంచున ఉంది) అని రాశారు. కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ 14, క్యాన్సర్ సూచికగా చూసే సీఏ 19-9 రక్తపరీక్ష 640. ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్‌తో ముక్క తీసి, పిత్తనాళం తెరుచుకునేలా స్టెంట్ (చిన్న గొట్టం) వేసి, పెట్ స్కాన్ చేయించాక మాట్లాడదాం అన్నారు డాక్టరు.

అమెరికాలో ఉన్న మా మేనబావ మాత్రం మామూలు పెట్ వద్దు, ఫాపీ పెట్ చేయించమంటున్నాడు. ఆపరేషన్‌లో క్యాన్సర్ కణాలు మెరిసేలా రంగుమందు ఎక్కించి, మెరిసినదంతా కోసి తీసేస్తారని కూడా చదివి చెప్పాడు. ఇవి ఇక్కడ జరుగుతాయా? వీటి కోసం ఆగాలా, డాక్టరు చెప్పిన దారిలో పోవాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది, అమ్మకి ఇంకా పూర్తిగా చెప్పలేదు.

కోత_కుట్టు
సోమవారం, రాత్రి 11:20

అమ్మా, నేను సర్జికల్ గ్యాస్ట్రో విభాగంలో సీనియర్ రెసిడెంట్‌ని. ముందు ఒక్క విషయం చెప్పండి. సీటీ స్టెంట్ వేయకముందే అయిందా? అయ్యుంటే చాలా మంచిది.

ఎందుకు అడుగుతున్నానంటే, కామెర్లు తగ్గించాలన్న తొందరలో ముందే స్టెంట్ వేసేసి, ఆ తర్వాత సీటీకి పంపిన కేసులు మాకు తరచుగా వస్తుంటాయి. ఈఆర్‌సీపీ (ఎండోస్కోపీతో స్టెంట్ వేసే పద్ధతి) తర్వాత క్లోమం వాచిపోతే గడ్డ అంచు ఎక్కడ, వాపు ఎక్కడ తేల్చలేం. లోహపు స్టెంట్ చుట్టూ సీటీలో తెల్లటి చారలు పడతాయి. క్లోమానికి తీసే సీటీలో రంగుమందు ఎక్కించిన 40–45 సెకన్లకు ఒక దఫా, సిరలు నిండాక ఇంకో దఫా తీస్తారు. మొదటి దఫాలో మంచి క్లోమం తెల్లగా వెలుగుతుంది, గడ్డ నల్లగా మిగిలిపోతుంది. ఆపరేషన్ కుదురుతుందా లేదా అన్నది ఆ ఫిల్ములోనే తేలుతుంది. గడ్డకూ, పేగులకు రక్తం పంపే ఎస్‌ఎంఏ ధమనికీ మధ్య కొవ్వు పొర మిగిలి ఉందా, సిర ఎంతమేర అంటుకుంది అన్నవి చూసేది అందులోనే. ఏ పెట్ స్కానూ ఈ పని చేయలేదు.

సీఏ 19-9 సంఖ్య చూసి ఇప్పుడే భయపడకండి. పిత్తనాళం మూసుకుపోతే క్యాన్సర్ లేకపోయినా అది పెరుగుతుంది. బిలిరుబిన్ దిగాక మళ్లీ చేయించండి, అప్పుడొచ్చేదే లెక్క. లూయిస్ రక్తవర్గం నెగటివ్ ఉన్నవాళ్లలో గడ్డ ఎంత పెద్దదైనా ఇది పెరగదు. వందలో 5 నుంచి 10 మంది అలాంటివాళ్లు ఉంటారు. అందుకే దీన్ని ఒంటరిగా నమ్మం.

గాలియం_68
మంగళవారం, ఉదయం 6:35

సిద్దిపేట అక్కా, నేను న్యూక్లియర్ మెడిసిన్‌లో టెక్నాలజిస్టుని. స్కాన్ గదిలో ఏం జరుగుతుందో చెప్తాను, నిర్ణయం డాక్టర్లది.

మామూలు పెట్ అంటే ఎఫ్‌డీజీ. గ్లూకోజును పోలిన పదార్థానికి ఫ్లోరిన్-18 తగిలించి సిరలోకి ఎక్కిస్తాం. చక్కెర ఎక్కువ వాడుకునే కణాలు దాన్ని లోపలికి లాక్కుని అట్టే పెట్టుకుంటాయి. గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోబెట్టి ఆ తర్వాత స్కాన్ తీస్తాం. ఫ్లోరిన్-18 అర్ధాయువు దాదాపు 110 నిమిషాలు, కాబట్టి పొద్దున సైక్లోట్రాన్ (ఈ రేడియోధార్మిక పదార్థం తయారుచేసే యంత్రం) నుంచి డోసు బయల్దేరాక పేషెంటు ఆలస్యం చేస్తే డోసు కరిగిపోతూ ఉంటుంది. బాపుకి షుగర్ ఉందన్నారు కదా, అక్కడే చిక్కు. రక్తంలో చక్కెర 200 దాటితే అది మందుతో పోటీపడుతుంది, గడ్డ మసగ్గా కనిపిస్తుంది. చాలాచోట్ల వెనక్కి పంపేస్తారు. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే పేగంతా వెలుగుతుంది, దాన్ని ఎప్పుడు ఆపాలో ముందే డాక్టర్‌ని అడగండి. వాపు కణాలు కూడా చక్కెర తింటాయి కాబట్టి పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) ఉన్నచోట కూడా వెలుగుతుంది.

ఫాపీ దారి వేరు. అది చక్కెర జోలికి పోదు, ఫైబ్రోబ్లాస్ట్ యాక్టివేషన్ ప్రొటీన్ అనే ఒక ప్రొటీన్‌కి పోయి అతుక్కుంటుంది. జర్మనీలో హైడల్‌బర్గ్ బృందం దీన్ని 2018లో బయటపెట్టింది. 2019లో 28 రకాల క్యాన్సర్లలో ఇది ఎలా కనిపిస్తుందో చూపించింది. ఉపవాసం అక్కర్లేదు, షుగర్ ఎంతున్నా ఫర్వాలేదు. ఎఫ్‌డీజీలో కాలేయం కొంత వెలుగుతూనే ఉంటుంది, అందులో చిన్న మచ్చ కలిసిపోతుంది. ఫాపీలో కాలేయం దాదాపు చీకటిగా ఉంటుంది కాబట్టి చిన్న మచ్చ కూడా తేలిగ్గా పట్టుబడుతుంది. క్లోమం క్యాన్సర్‌లో మొదట పాకేది కాలేయానికీ, పొట్ట లోపలి పొరకూ. కాబట్టి ఇది చిన్న లాభం కాదు.

దీనికి వాడేది గాలియం-68, అర్ధాయువు 68 నిమిషాలు. సైక్లోట్రాన్ లేకపోయినా జనరేటర్ నుంచి అక్కడికక్కడే తీసుకోవచ్చు. మన నగరంలో ప్రోస్టేట్‌కి పీఎస్‌ఎంఏ, హార్మోన్లు చేసే కణాల్లో వచ్చే న్యూరోఎండోక్రైన్ గడ్డలకు డోటా స్కాన్లు ఎప్పటినుంచో ఈ జనరేటర్ల మీదే నడుస్తున్నాయి. మీరు ఫోన్ చేసేటప్పుడు 'పెట్ ఉందా' అని అడిగితే అందరూ ఉందనే అంటారు. 'గాలియం ఫాపీ చేస్తారా, ఏ రోజు చేస్తారు' అని అడగండి. కొన్నిచోట్ల వారంలో ఒక రోజే పెడతారు.

తార్నాక_ల్యాబ్
మంగళవారం, ఉదయం 10:05

నేను కణజీవశాస్త్రంలో పనిచేస్తాను. గాలియం గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను, ఎందుకంటే మీ నాన్నగారి విషయంలో ఇది నేరుగా అవసరం.

క్లోమం క్యాన్సర్ గడ్డను కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే అందులో క్యాన్సర్ కణాలు తక్కువ, వాటి చుట్టూ అల్లుకున్న పీచు కణజాలం ఎక్కువ. పీచు మామిడిపండులో రసం కంటే పీచే ఎక్కువ ఉన్నట్టు. మందు సరిగ్గా ఎక్కకపోవడానికి ఈ పీచు ఒక కారణం, ఎఫ్‌డీజీ కొన్నిసార్లు మసకగా రావడానికీ ఇది ఒక కారణం. ఫాపీ చూసేది ఈ పీచును నేసే ఫైబ్రోబ్లాస్టులనే. అందుకే ఈ క్యాన్సర్‌లో అది అంత గట్టిగా వెలుగుతుంది.

అయితే పీచు నేసేది క్యాన్సర్ ఒక్కటే కాదు. దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్‌లో క్లోమం మొత్తం అదే పని చేస్తుంది. మీ నాన్నగారికి రాళ్లున్నాయన్నారు. మన దేశంలో మద్యం అలవాటు లేనివాళ్లకు కూడా చిన్న వయసులోనే క్లోమంలో రాళ్లు, ఆ తర్వాత షుగర్ రావడం చాలాకాలంగా చూస్తున్నదే. ఈ జబ్బుకూ స్పింక్1 అనే జన్యువులో మార్పుకూ ఉన్న సంబంధాన్ని 2002లో చూపించిన వాళ్లలో మన సీసీఎంబీ (హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు, హైదరాబాద్ గ్యాస్ట్రో డాక్టర్లు ఉన్నారు. ఇలా రాళ్లున్న క్లోమంలో క్యాన్సర్ వచ్చే ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ. వచ్చినా పాత జబ్బు వెనక దాక్కుంటుంది. కాబట్టి విదేశీ పత్రికల్లో కనిపించే ఫాపీ బొమ్మల స్పష్టత ఇలాంటి పేషెంటులో రాకపోవచ్చు. చదివే డాక్టరుకు పాత సీటీలు, పాత స్కానింగులు అన్నీ ఇవ్వండి. బీరువాలో ఏ కవర్లో ఉన్నాయో వెతికి తెండి.

టెక్సాస్_తెలుగు
మంగళవారం, సాయంత్రం 7:48

ఫాపీలో గట్టిగా వెలిగితే అది క్యాన్సరే. దానికి మళ్లీ సూది గుచ్చి ముక్క తీయడం ఎందుకు? గుచ్చితే కణాలు చెదిరి పాకుతాయి. స్కాన్ చేయించి నేరుగా ఆపరేషన్‌కి వెళ్లండి. ఇక్కడ మెరిసే మందుతో ఆపరేషన్లు చేస్తున్నారు. ఒక్క కణం కూడా మిగలదు. డబ్బు కుదిరితే ఇక్కడికే తీసుకురండి.

కోత_కుట్టు
మంగళవారం, రాత్రి 10:31

టెక్సాస్ అన్నా, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఇది చదివి ఎవరైనా బయాప్సీ మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే గట్టిగా చెప్తున్నాను.

గడ్డ స్పష్టంగా తీసేయగలిగేలా ఉండి, సీటీ బొమ్మ అనుమానం లేకుండా ఉంటే, ముక్క తీయకుండానే ఆపరేషన్ చేయడం ఉన్న పద్ధతే. ఈ బాపుది ఆ కోవ కాదు. బార్డర్‌లైన్. ఇలాంటివాళ్లకు ఎక్కువగా ముందు కీమో, తర్వాత కోత. ముక్క రిపోర్టు చేతిలో లేకుండా కీమో మొదలుపెట్టకూడదు. ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ అని ఒకటుంది, రోగనిరోధక శక్తి సొంత క్లోమం మీదే తిరగబడే జబ్బు, అందులో ఒక రకాన్ని ఐజీజీ4 అంటారు. అచ్చం క్యాన్సర్‌లాగే తలభాగం ఉబ్బుతుంది, కామెర్లు వస్తాయి, ఫాపీలో దివ్యంగా వెలుగుతుంది. స్టెరాయిడ్ మాత్రలతో కరిగిపోతుంది. అలాంటి మనిషికి విప్పుల్ చేసేస్తే? క్లోమం తల, డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం), పిత్తాశయం, పిత్తనాళంలో కొంత తీసేసి, మూడుచోట్ల పేగుకి అతుకులు వేసే ఆపరేషన్ అది.

ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్‌లో సూది వెళ్లేది డుయోడినం గోడ గుండా. తలభాగం గడ్డకి విప్పుల్ చేసినప్పుడు ఆ గోడ ముక్కతోపాటే బయటికొచ్చేస్తుంది. సూదితో పాకుతుందన్న భయం పెట్టుకుని వారాలు పోగొట్టుకోవద్దు. రెండు సెంటీమీటర్లలోపు గడ్డల్ని సీటీ కంటే అదే బాగా పట్టుకుంటుంది కూడా.

అల్వాల్_వాసి
మంగళవారం, రాత్రి 11:15

నేను డాక్టర్‌ని కాదు. మా పెద్దమ్మకు కళ్లు పచ్చబడితే ఊళ్లో కామెర్ల పసరు పోయించారు. పథ్యం పెట్టారు, చేతిమీద వాత కూడా పెట్టించారు. దురద, తెల్లటి విరేచనం చూసి కూడా ఇంకో పసరాయన దగ్గరికి పోయారు. నగరానికి తెచ్చేసరికి పొట్టలో నీరు చేరింది, ఆపరేషన్ మాటే లేదన్నారు.

ఈ చర్చ చదివేవాళ్లందరికీ చేతులు జోడించి చెప్తున్నా. యాభై దాటిన మనిషికి నొప్పి లేకుండా కామెర్లు వస్తే, దురద, తెల్లటి విరేచనం ఉంటే పసరు కోసం పోకండి. ఆ రోజే స్కానింగ్. ఎంత గొప్ప మెరిసే మందైనా మనిషి టైముకి ఆస్పత్రికి వస్తేనే కదా.

కోత_కుట్టు
బుధవారం, ఉదయం 7:02

అల్వాల్ గారు చెప్పింది అక్షరాలా నిజం. గుర్తించేనాటికి ఆపరేషన్ చేయగల స్థితిలో ఉండేది వందలో 15 నుంచి 20 మందే. ఇంకో గుర్తు కూడా చెప్తాను. యాభై దాటాక కొత్తగా షుగర్ బయటపడి, దాంతోపాటు బరువు తగ్గుతుంటే తేలిగ్గా తీసుకోవద్దు. కొత్తగా షుగర్ వచ్చిన ఆ వయసువాళ్లలో దాదాపు వందలో ఒకరికి మూడేళ్లలోపు క్లోమం క్యాన్సర్ బయటపడుతుంది. ఉన్న షుగర్ ఉన్నట్టుండి అదుపు తప్పినా అంతే జాగ్రత్త.

సిద్దిపేట_బిడ్డ
బుధవారం, మధ్యాహ్నం 1:40

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. సీటీ స్టెంట్‌కి ముందే అయింది. నిన్న ముక్క తీసి, అదే మత్తులో స్టెంట్ కూడా వేశారు. ఆ మెరిసే మందు సంగతి మాత్రం ఎవరూ పూర్తిగా చెప్పలేదు. దాని గురించి కూడా చెప్పండి, మా బావకి సమాధానం చెప్పాలి.

తార్నాక_ల్యాబ్
బుధవారం, రాత్రి 8:55

చెప్తాను. ముందు రెండు మందుల్ని విడదీయాలి, అందరూ కలిపేస్తున్నారు.

ఒకటి ఐసీజీ, ఇండోసయనిన్ గ్రీన్. అమెరికాలో 1959 నుంచి అనుమతి ఉన్న పాత మందు. లాపరోస్కోపీ కెమెరాలున్న పెద్ద ఆస్పత్రుల్లో ఇక్కడా వాడుతున్నారు. అది రక్తం ఎక్కడ పారుతోందో, పిత్తనాళం ఎటు పోతోందో చూపిస్తుంది. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే శక్తి దానికి లేదు. 'మా దగ్గర ఫ్లోరోసెన్స్ ఉంది' అని ఎవరైనా అంటే, ఎక్కువగా ఇదే.

రెండోది మీ బావగారు చదివింది. క్యాన్సర్ కణం పైన ఉండే ఒక ప్రొటీన్‌ని పట్టుకునే యాంటీబాడీకి రంగుమందు అతికించి ముందుగానే ఎక్కిస్తారు. ఉదాహరణకి పెద్దపేగు క్యాన్సర్‌కి వాడే పానిటుముమాబ్‌కి సమీప పరారుణ కాంతిలో మెరిసే రంగు అతికించి, క్లోమం క్యాన్సర్‌లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు పరీక్షించారు. ఫలితాలు 2020లో వచ్చాయి. ఆపరేషన్‌కి 2 నుంచి 5 రోజుల ముందే ఎక్కించాలి. యాంటీబాడీ పెద్ద అణువు, రక్తంలోంచి మెల్లగా పోతుంది. ముందురోజు ఎక్కిస్తే చుట్టుపక్కలంతా మెరుస్తుంది, గడ్డ వేరుగా తేలదు. సీఈఏ అనే ప్రొటీన్‌ని పట్టుకునే ఎస్‌జీఎం-101 అనే మందుని నెదర్లాండ్స్‌లో ఇలాగే పరీక్షించారు. ఇవి క్లోమానికి ఇంకా ట్రయల్స్ దశలోనే ఉన్నాయి. ఏ ఆస్పత్రిలోనూ బిల్లు కట్టి చేయించుకునే చికిత్సగా రాలేదు. మెదడు గడ్డలకు 2017లో, అండాశయానికి 2021లో, ఊపిరితిత్తికి 2022లో, రొమ్ముకి 2024లో ఇలాంటి మందులకు అమెరికాలో అనుమతి వచ్చింది.

ఈ సమీప పరారుణ కాంతి మామూలు కంటికి కనపడదు. ప్రత్యేక కెమెరా పట్టి తెరమీద చూడాలి. కండలోపల కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకే, మహా అయితే సెంటీమీటరు వరకే అది కనిపిస్తుంది. కాబట్టి కాలేయం లోపల లోతుగా దాక్కున్న మచ్చని ఇది చూపించలేదు. పైపొరమీద, కోసిన అంచుమీద ఉన్నదాన్ని చూపించగలదు. పెట్ ఒళ్లంతా చూస్తుంది గానీ నాలుగైదు మిల్లీమీటర్ల కంటే చిన్నదాన్ని సాధారణంగా పట్టలేదు. అంటే ఇంట్లో కూర్చుని మనం అనుకున్నట్టు ఒకదాని బదులు ఇంకొకటి కాదు. ఒకటి ఆపరేషన్‌కి ముందు 'వెళ్లొచ్చా' అన్న ప్రశ్నకి, ఇంకొకటి బల్లమీద 'ఇంకా ఉందా' అన్న ప్రశ్నకి.

మలక్‌పేట_మాస్టారు
బుధవారం, రాత్రి 9:40

తార్నాక గారూ, మీరు చెప్పిన అండాశయం, ఊపిరితిత్తి మందు పాఫోలాసయనిన్ అని చదివాను. అది ఫోలిక్ యాసిడ్‌ని పోలిన అణువుకి రంగు కట్టి చేసింది కదా. ఫోలేట్ కోసం ఆకలిగా ఉండే క్యాన్సర్ కణాలు దాన్ని లోపలికి లాక్కుంటాయి. ఆ ఫోలిక్ యాసిడ్‌ని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. సైన్సు మాస్టారుగా పనిచేసినన్నాళ్లూ ఆయన గురించి పిల్లలకు చెప్పాను. ఆ అణువు ఇవాళ ఆపరేషన్ బల్లమీద దీపమవుతుందని తెలిసి సంతోషమేసింది. క్లోమానికి ఆ మందు కాదులెండి, చర్చ పక్కదారి పట్టించను.

అమ్మా సిద్దిపేట, మా ఆవిడకి విప్పుల్ అయింది. ఇప్పుడు బాగుంది. మీరు ఏ స్కాన్ అన్నదాని మీద పెట్టే ఆలోచనలో సగం, ఆ డాక్టరు ఏడాదికి ఎన్ని విప్పుల్‌లు చేస్తారు అన్నదాని మీద పెట్టండి. అడగడానికి మొహమాటపడొద్దు. మేము అడిగాం, ఆయన ఏమీ అనుకోలేదు. ఫైలు తెరిచి చూపించారు.

కోత_కుట్టు
బుధవారం, రాత్రి 10:12

మాస్టారు గారికి నమస్కారం. అమెరికాలో 2002లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, ఏడాదికి ఒక్కటి కూడా సరిగ్గా చేయని ఆస్పత్రుల్లో క్లోమం ఆపరేషన్ల మరణాలు 16 శాతం దాటాయి, ఎక్కువగా చేసే చోట్ల 4 శాతంలోపే. ఏ కెమెరా అయినా ఇంత తేడా తేగలదా? నాకు నమ్మకం లేదు.

ఇంకో లెక్క కూడా. ఆపరేషన్ తర్వాత మోడిఫైడ్ ఫోల్ఫిరినాక్స్ (కొన్ని మందులు కలిపిన) కీమో ఇచ్చినవాళ్ల మధ్యస్థ ఆయుష్షు (సగం మంది ఇంతకంటే ఎక్కువ బతికారు) 54.4 నెలలు, జెమ్‌సిటాబిన్ అనే మందు ఒక్కటే ఇచ్చినవాళ్లది 35 నెలలు. ఇది 2018లో వచ్చిన ఫ్రెంచి–కెనడా ట్రయల్. మెరిసే మందులకు ఇలాంటి లెక్క ఇంకా లేదు. రావాలని నేనూ కోరుకుంటున్నాను. మార్జిన్ (కోసిన అంచు) దగ్గర ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ మధ్యలోనే చేసే సూక్ష్మదర్శిని పరీక్ష) కోసం పాథాలజీకి ముక్క పంపి, పొట్ట తెరిచి ఉంచి, ఫోన్ కోసం ఎదురుచూస్తూ నిలబడే మాకంటే దాని అవసరం ఎవరికి తెలుసు? వాళ్లు పరీక్షించేది మేం పంపిన కొద్ది ముక్కనే. ఏ చోటి నుంచి ముక్క పంపాలో చూపించే దీపం దొరికినా అది మాకు పెద్ద సాయం.

సిద్దిపేట_బిడ్డ
ఆదివారం, సాయంత్రం 5:25

ముక్క రిపోర్టు వచ్చింది. అడినోకార్సినోమా, అంటే క్లోమంలో ఎక్కువగా వచ్చే రకం క్యాన్సరే. అనుకున్నదే అయినా కాగితం మీద చూశాక చేతులు వణికాయి.

ట్యూమర్ బోర్డులో (వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి కేసు చర్చించే చోట) పెట్టారు. షుగర్ అదుపులో లేదు కాబట్టి ఫాపీ అయితే మేలని వాళ్లే అన్నారు, ఒకచోట చేయించాం. తలభాగంలో గడ్డ గట్టిగా వెలిగింది. కానీ దాని వెనక క్లోమం నడుము, తోక అంతా కూడా వెలిగింది! మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. గదిలో ఉన్న డాక్టరు కంగారు పడకుండా, టీ తాగి రమ్మని చెప్పి, చాలాసేపటి తర్వాత అదే మందు మీద మళ్లీ ఒకసారి తీశారు. తోకలో వెలుగు తగ్గింది, గడ్డలో అలాగే ఉంది. కాలేయంలో ఏమీ లేదన్నారు. దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

గాలియం_68
ఆదివారం, రాత్రి 7:10

అక్కా, మంచి చోట చేయించారు. తలభాగంలో గడ్డ క్లోమనాళాన్ని నొక్కేస్తే, వెనకాల రసం నిలిచిపోయి అక్కడ వాపు వస్తుంది. ఆ వాపు ఫాపీలో వెలుగుతుంది. తెలియనివాళ్లు మొత్తం క్లోమం క్యాన్సర్ అని రాసేస్తారు. రెండోసారి ఆలస్యంగా తీస్తే వాపులో వెలుగు ఎక్కువగా తగ్గుతుంది, గడ్డలో నిలుస్తుంది. అన్నిసార్లూ ఇంత చక్కగా తేలదు గానీ, సీటీలో నాళం ఉబ్బు కూడా ఉంటే ఈ మాట బలపడుతుంది. స్టెంట్ వేసిన చోట కూడా కొంత వెలుగు ఉంటుంది, మోకాళ్లు, భుజాలు అరిగినవాళ్లకి అక్కడా వెలుగుతుంది. రిపోర్టులో అలాంటివి రాస్తే పాకిందని భయపడకండి.

కోత_కుట్టు
ఆదివారం, రాత్రి 9:33

స్కాన్ శుభ్రంగా వచ్చింది, సంతోషం. మీ డాక్టర్లు స్టేజింగ్ లాపరోస్కోపీ చెప్తే 'స్కాన్‌లో లేదు కదా' అని వద్దనకండి. పొట్ట పొరమీద ఇసుక రేణువంత ఉన్నవి ఏ పెట్‌లోనూ పడవు, కెమెరా పెట్టి కళ్లతో చూడాల్సిందే. కీమోకి ముందు బిలిరుబిన్ బాగా దిగాలి, ఫోల్ఫిరినాక్స్‌లో ఉండే ఇరినోటెకాన్‌ని కామెర్లున్న ఒళ్లు తట్టుకోదు. జన్యు పరీక్ష కూడా అడగండి. బీఆర్‌సీఏ అనే జన్యువులో మార్పు ఉంటే మందుల ఎంపిక మారుతుంది, మీకూ మీ తోబుట్టువులకూ కూడా తెలియాల్సిన విషయం అది.

సిద్దిపేట_బిడ్డ
శుక్రవారం, రాత్రి 8:18

లాపరోస్కోపీ అయింది. కాలేయం పైన చిన్న తెల్లటి చుక్క కనిపించిందని బయటికి వచ్చి చెప్పినప్పుడు అమ్మ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ముక్క పంపారు. పిత్తనాళాల హమార్టోమా అట, పుట్టుకతో ఉండే మచ్చ, క్యాన్సర్ కాదు. పొట్ట పొర శుభ్రంగా ఉంది. బిలిరుబిన్ 2 దగ్గరికి వచ్చింది. వచ్చే వారం కీమో మొదలు, కొన్ని సైకిల్స్ తర్వాత మళ్లీ సీటీ తీసి ఆపరేషన్ సంగతి చెప్తామన్నారు. బావకి ఈ చర్చ లింక్ పంపాను, మొత్తం చదివాడు. ఇప్పుడు ఫాపీ మాట ఎత్తడం లేదు, సీఏ 19-9 ఎంత దిగిందని అడుగుతున్నాడు.

ఖర్చు గురించి కూడా ఒక ముక్క. ఆరోగ్యశ్రీలో కీమో, ఆపరేషన్ ఎంతవరకు వస్తాయి, ఫాపీ వస్తుందా?

అల్వాల్_వాసి
శుక్రవారం, రాత్రి 9:05

చెల్లీ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. ముక్క రిపోర్టు, సీటీ ఫిల్ములు, ట్యూమర్ బోర్డు కాగితం మూడూ పట్టుకుని వాళ్ల దగ్గరికి పోండి. అనుమతి వచ్చేదాకా సొంత డబ్బు కట్టొద్దు, కట్టాక వెనక్కి రావడం కష్టం. ఏ స్కాన్ ప్యాకేజీలో ఉంది, ఏది బయట చేయించుకోవాలి అన్నది వాళ్లనే కాగితం మీద రాయించుకోండి. లక్డీకాపూల్ దగ్గర ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, పంజాగుట్ట నిమ్స్ కూడా అడగదగ్గ చోట్లే.

మలక్‌పేట_మాస్టారు
శనివారం, ఉదయం 6:10

తిండి దగ్గర జాగ్రత్త అమ్మా. ముద్ద తిన్నాక విరేచనం నూనెలా తేలుతుంటే అది కీమో వల్లే అని ఊరుకోవద్దు, క్లోమరసం తగ్గి ఉంటుంది. ఎంజైమ్ క్యాప్సూల్స్ రాస్తారు. అవి తిన్నాక కాదు, మొదటి ముద్దతో వేయాలి. మా ఆవిడకి ఈ ఒక్క మార్పుతో బరువు నిలబడింది. కీమో తట్టుకోవాలంటే బరువు నిలబడాలి.

ఎల్బీనగర్_కొత్త
శనివారం, మధ్యాహ్నం 12:30

నమస్కారం, కొత్తగా చేరాను. మా అన్నకి 41 ఏళ్లు. క్లోమం తోకలో గడ్డ, ముక్కలో న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అని వచ్చింది. పై మాటలు చదివి మేమూ ఫాపీకే వెళ్దామనుకుంటున్నాం. స్టీవ్ జాబ్స్‌కి వచ్చింది కూడా ఇదేనా?

గాలియం_68
శనివారం, మధ్యాహ్నం 2:05

అవును తమ్ముడూ, ఆయనకు 2003లో బయటపడింది న్యూరోఎండోక్రైన్ గడ్డే. పైన మాట్లాడిన జబ్బుకీ దీనికీ పేరులో క్లోమం ఒక్కటే ఉమ్మడి. దీని నడక, మందులు, స్కాన్ అన్నీ వేరు.

మీకు మొదట అడగాల్సింది గాలియం డోటా స్కాన్. డోటాటేట్, డోటానాక్ అని రకాలుంటాయి, ఏది చేసినా సరే. ఈ కణాల మీద సొమాటోస్టాటిన్ గ్రాహకాలు ఉంటాయి, మందు వాటిని పట్టుకుంటుంది. అమెరికాలో 2016లోనే అనుమతి వచ్చింది. ఇందులో ఇంకో మేలు ఏమిటంటే, స్కాన్‌లో వెలిగిన చోటికే, గాలియం బదులు లుటీషియం-177 కట్టి పంపితే అదే చికిత్స అవుతుంది. ఆ లుటీషియం మన దేశంలోనే ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో తయారవుతోంది. ఆపరేషన్‌తో మొత్తం తీసేయగలిగితే అది అవసరం లేదు, ముందు సర్జన్‌ని కలవండి.

ఒక హెచ్చరిక. డోటా స్కాన్‌లో క్లోమం తలభాగం కింద, అన్సినేట్ అనే చోట, జబ్బు లేనివాళ్లకి కూడా కొంత వెలుగు ఉంటుంది. మీ అన్నది తోకలో గడ్డ అన్నారు కాబట్టి, తలలో రెండోది ఉందని రిపోర్టులో రాస్తే సీటీతో పోల్చి చూశారా అని అడగండి.

గడ్డ బాగా దురుసు రకమైతే డోటా మసకబారి ఎఫ్‌డీజీ వెలుగుతుంది, అప్పుడు రెండూ కావాల్సి రావచ్చు. అది తేలాలంటే ముక్క రిపోర్టులో కీ-67 (కణాలు ఎంత వేగంగా విడిపోతూ పెరుగుతున్నాయో చెప్పే కొలత) ఎంత శాతం, గ్రేడ్ ఎంత అన్నది కావాలి. అన్న పేరు, ఆస్పత్రి నంబరు చెరిపేసి ఆ రెండు లైన్లు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.